పాత కేసు ఉంటే టాక్సీ లైసెన్సు వస్తుందా? ఇంగ్లాండ్‌ కౌన్సిళ్లు చూసే లెక్క ఇదీ

ఇంగ్లాండ్‌లో టాక్సీ నడపాలంటే మామూలు డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే చాలదు. ఆ ఊరి కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటి సంస్థ, విడిగా ఇంకో లైసెన్సు ఇవ్వాలి. అక్కడ డ్రైవర్లు దాన్ని ‘బ్యాడ్జ్’ అంటారు. హైదరాబాద్ నుంచి, మన జిల్లాల నుంచి చదువు కోసమో, పెళ్లయి భార్య దగ్గరికో, భర్త దగ్గరికో వెళ్లి అక్కడే స్థిరపడిన వాళ్లలో ఈ బ్యాడ్జ్ కోసం ప్రయత్నించే వాళ్లున్నారు. వాళ్ల ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న: ‘‘ఎప్పుడో కాలేజీ రోజుల్లో కొట్లాట కేసు ఒకటి ఉంది. దాని వల్ల ఆగిపోతుందా?’’

ఒక్క మాటలో జవాబు లేదు. కేసు ఏంటి, ఎన్నేళ్లయింది, కోర్టు ఏం తేల్చింది, అప్లికేషన్‌లో నిజం రాశారా లేదా, వీటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. దీనికి అక్కడ లిఖితపూర్వకంగా ఒక పద్ధతి ఉంది.

చట్టం అడిగేది ఒకే ఒక్క ప్రశ్న

లండన్ బయట ఇంగ్లాండ్, వేల్స్ ప్రాంతాల్లో దీనికి మూలం 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం. లండన్‌లో ఈ పని ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చూస్తుంది, దానికి చట్టాలు వేరు. రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగే హ్యాక్నీ టాక్సీ అయినా, ముందు బుక్ చేసుకునే ప్రైవేట్ హైర్ అయినా (ఉబర్ లాంటివి ఇందులోకే వస్తాయి) షరతు ఒక్కటే. దరఖాస్తుదారుడు ‘తగిన వాడు, సరైన వాడు’ అని కౌన్సిల్‌కు నమ్మకం కుదరాలి. కుదరకపోతే లైసెన్సు ఇవ్వకూడదు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ‘నేను చెడ్డవాడినని మీరు నిరూపించండి’ అనే వాదన చెల్లదు. మంచివాడినని చూపించుకోవాల్సింది దరఖాస్తుదారుడే.

‘తగిన వాడు’ అంటే ఎవరో చట్టంలో నిర్వచనం లేదు. అందుకే కౌన్సిళ్లు చాలా ఏళ్లు ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నాయి. ఇంగ్లాండ్‌లో లైసెన్సులు ఇచ్చే సంస్థలు 260కి పైగా ఉన్నాయి. ఒక ఊళ్లో కాదన్న మనిషికి పక్క ఊళ్లో బ్యాడ్జ్ దొరికేది. 2018లో ప్రొఫెసర్ మొహమ్మద్ అబ్దెల్-హక్ అధ్యక్షతన ఏర్పడిన ప్రభుత్వ బృందం దేశమంతటికీ కనీస ప్రమాణాలు ఉండాలని సిఫారసు చేసింది. 2020 జూలైలో రవాణా శాఖ ఆ ప్రమాణాలు విడుదల చేసింది. పాత నేరాలను ఎలా చూడాలో అందులో అనుబంధంగా ఇచ్చారు.

అధికారి తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అందులో ఉంది. నాకు ఇది నచ్చింది, ఎందుకంటే ఇది చట్టం భాషలో లేదు, ఇంటి భాషలో ఉంది. దాని సారాంశం ఇది: మీకు బాగా కావాల్సిన మనిషి, ఎలాంటి స్థితిలో ఉన్నా సరే, పగలైనా అర్ధరాత్రైనా ఈ డ్రైవర్ బండిలో ఒంటరిగా వెళ్తానంటే మీరు పంపిస్తారా? మన చెల్లెలు రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తోంది, అమ్మ డయాలిసిస్ చేయించుకుని నీరసంగా ఉంది, అనుకుని చూడండి. జవాబు అవునా కాదా అన్నది సగం సగంగా ఉన్నా లైసెన్సు ఇవ్వరు. క్రిమినల్ కోర్టులో సందేహం వస్తే ఆ లాభం ముద్దాయికి వెళ్తుంది. ఇక్కడ అలా కాదు, ఆ లాభం ప్యాసింజర్‌కే.

ఏ నేరానికి ఎన్నేళ్లు

కొన్ని నేరాలకు తలుపు పూర్తిగా మూసి ఉంటుంది. ఒకరి చావుకు కారణమైన నేరం, లైంగిక నేరం, పిల్లల్నో బలహీనుల్నో వాడుకున్న నేరం, మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్న నేరం, వీటిలో శిక్ష పడితే ఎన్నేళ్లయినా లైసెన్సు రాదు. పిల్లలతోనో, ఆసరా అవసరమైన పెద్దలతోనో పని చేయకూడదని నిషేధ జాబితాలో పేరున్న వాళ్లకీ అంతే.

మిగతా వాటికి ఎదురుచూడాల్సిన కాలం ఉంది. కొట్టడం, గాయపరచడం లాంటి హింసకు 10 ఏళ్లు. డ్రగ్స్ అమ్మకానికి 10 ఏళ్లు, కేవలం దగ్గర పెట్టుకున్నందుకు 5 ఏళ్లు. ఆయుధం కలిగి ఉంటే 7. దొంగతనం, మోసం, ఫోర్జరీ, అంటే నిజాయితీకి సంబంధించిన ఏ నేరమైనా 7. జాతి, మతం లాంటి వివక్షతో చేసిన నేరానికి 7. తాగి నడిపినా, మత్తుమందు తీసుకుని నడిపినా 7. ఫోను చేత్తో పట్టుకుని నడిపితే 5. ఈ చివరిది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఫోను పట్టుకోవడం, గంజాయి జేబులో పెట్టుకోవడం ఒకే వరుసలో ఎలా వచ్చాయి అంటారు. బండి నడపడమే వృత్తిగా పెట్టుకోబోయే వాడికి అది చిన్న తప్పు కాదన్నది వాళ్ల వాదన. మన మెహదీపట్నం చౌరస్తాలో ఈ లెక్క పెడితే ఎందరు మిగులుతారో ఆలోచించండి.

సంవత్సరాలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి అన్న దగ్గరే చాలామంది పొరపాటు పడుతున్నారు. నేరం చేసిన రోజు నుంచి కాదు. జైలు నుంచి బయటికొచ్చిన రోజు నుంచి కూడా కాదు. కోర్టు వేసిన శిక్ష మొత్తం పూర్తయిన రోజు నుంచి. ఉదాహరణకు ఒకరికి 2014 జూన్‌లో కొట్లాట కేసులో రెండేళ్ల శిక్ష పడిందనుకుందాం. ఏడాదికే బయటికొచ్చాడు, మిగతా ఏడాది షరతుల మీద బయట ఉన్నాడు. శిక్ష ముగిసింది 2016 జూన్‌లో. దానికి 10 కలిపితే 2026 జూన్. మనిషి మాత్రం ‘నేను 2015లోనే బయటికొచ్చేశా, 2025కి పదేళ్లయిపోయింది’ అనుకుంటాడు. ఫీజు కట్టి, మెడికల్ చేయించుకుని, పరీక్ష రాసి, చివర్లో కాదనిపించుకుంటాడు. తాగి నడిపిన కేసులో డ్రైవింగ్ నిషేధం కూడా పడితే, ఆ నిషేధం ముగిసిన తర్వాతే లెక్క మొదలవుతుంది.

అయితే ఈ సంఖ్యలు రాతి మీద గీతలు కావు. ప్రమాణాలను కౌన్సిళ్లు పాటించాలి, పక్కన పెడితే గట్టి కారణం చూపాలి. అదే సమయంలో ప్రతి దరఖాస్తునూ దాని వివరాల మీదే చూడాలన్నది చట్ట సూత్రం. పట్టిక చూసి కళ్లు మూసుకుని ‘నో’ అనడం కూడా తప్పే. కాలం పూర్తయింది కాబట్టి లైసెన్సు ఇచ్చి తీరాలనీ లేదు. వేర్వేరు కేసులు నాలుగున్న మనిషికి, ఒక్కోదానికి విడిగా కాలం దాటిపోయినా, ‘ఇతని నడవడిక ఇదే’ అని కౌన్సిల్ అనుకోవచ్చు. 19 ఏళ్ల వయసులో ఒకే ఒక్క తప్పు చేసి, తర్వాత పదిహేనేళ్లు ఉద్యోగం చేసుకుంటూ ఉన్న వాడి పరిస్థితి వేరు. విచారణలో అడిగేవి కూడా ఇవే: అప్పుడు వయసెంత, ఎవరికి హాని జరిగింది, తర్వాత ఏం చేశావు, తప్పు ఒప్పుకుంటున్నావా లేక ఇప్పటికీ ఎదుటివాడిదే తప్పంటున్నావా.

రికార్డు ఎంత లోతుగా చూస్తారు

మామూలు ఉద్యోగాలకు బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ఒక వెసులుబాటు ఇస్తుంది. కొంత కాలం గడిచాక పాత శిక్షను ‘ముగిసిపోయింది’ అని లెక్కేస్తారు, ఎవరికీ చెప్పక్కర్లేదు. టాక్సీ డ్రైవర్లకు ఆ వెసులుబాటు లేదు. ఇరవై ఏళ్ల నాటిదైనా అడగవచ్చు. టీచర్లకు, నర్సులకు చేసినట్టే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తనిఖీ చేస్తారు. ఒకసారి చేసి వదిలేయరు. లైసెన్సు మామూలుగా మూడేళ్లకు ఇచ్చినా, తనిఖీ ప్రతి ఆరు నెలలకు జరగాలని 2020 ప్రమాణాలు చెబుతున్నాయి.

కొన్ని చాలా పాత, చిన్న కేసులు ఈ సర్టిఫికెట్‌లో రావు. పెద్దయ్యాక పడిన శిక్షకు 11 ఏళ్లు దాటి, జైలు పడకుండా, తీవ్ర నేరాల జాబితాలో లేకపోతే అది కనిపించదు. పోలీసు ‘కాషన్’, అంటే కోర్టుకు వెళ్లకుండా తప్పు ఒప్పించుకుని ఇచ్చే హెచ్చరిక, 6 ఏళ్లకు తొలగిపోతుంది, అదే షరతు మీద. అలా రక్షణ ఉన్న వాటిని కౌన్సిల్ లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక శిక్షే పడని కేసుల సంగతి. ఇదే అన్నిటికంటే వివాదం ఉన్న భాగం. కోర్టు కొట్టేసినా, అసలు కోర్టుకే వెళ్లకపోయినా, ఆ సమాచారం అవసరమని పోలీసు ఉన్నతాధికారి సహేతుకంగా నమ్మితే డీబీఎస్ సర్టిఫికెట్‌లో రాయవచ్చు. 1998లో రష్‌క్లిఫ్ కౌన్సిల్ కేసులో హైకోర్టు చెప్పింది కూడా ఇదే. క్రిమినల్ కేసు వీగిపోయినా, అదే ఘటనను కౌన్సిల్ తన వైపు నుంచి పరిశీలించి ‘జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ’ అనుకుంటే లైసెన్సు ఆపవచ్చు. నిర్దోషిగా బయటపడ్డ మనిషికి ఇది దారుణంగా అనిపిస్తుంది. నాకూ ఇక్కడ కొంచెం ఇబ్బందే. వాళ్ల తర్కం మాత్రం స్పష్టంగా ఉంది: కోర్టు పని శిక్ష వేయడం, కౌన్సిల్ పని ప్యాసింజర్‌ను కాపాడటం. పోలీసులు రాసింది తప్పని అనుకుంటే ముందు పోలీసులకే, తర్వాత ఇండిపెండెంట్ మానిటర్ అనే అధికారికి అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ దారి ఉందని తెలియక చాలామంది ఊరుకుంటారు.

ఇంత కఠినం ఎందుకయింది

రెండు పేర్లు చెప్పకుండా ఈ విషయం అర్థం కాదు. ఒకటి లండన్‌లోని జాన్ వార్‌బాయ్స్. ఇతను లైసెన్సు ఉన్న బ్లాక్ క్యాబ్ డ్రైవర్. రాత్రి పూట ప్రయాణించే మహిళలకు మత్తు కలిపిన డ్రింకు ఇచ్చేవాడు. 2007లో పోలీసులు ఒకసారి అరెస్టు చేసి వదిలేశారు. 2009లో 12 మంది మహిళలపై చేసిన నేరాలకు శిక్ష పడింది. శిక్షల చరిత్ర ఒక్కటే చూస్తే చాలదని, అరెస్టులు, ఫిర్యాదులు కూడా లైసెన్సింగ్ వాళ్లకు చేరాలని అంటున్నది ఇలాంటి వాటి వల్లే.

రెండోది రాథర్‌హామ్. 1997 నుంచి 2013 మధ్య అక్కడ కనీసం 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. అందులో టాక్సీల పాత్ర గురించి రాశారు. 2015 ఫిబ్రవరిలో లూయీస్ కేసీ నివేదిక ఆ కౌన్సిల్ లైసెన్సింగ్ వ్యవస్థ ఎంత అధ్వానంగా ఉందో బయటపెట్టింది. కౌన్సిల్ పాలనను ప్రభుత్వం కమిషనర్లకు అప్పగించింది. తర్వాత అక్కడ టాక్సీల్లో కెమెరాలు తప్పనిసరి చేశారు.

ఉత్తర ఇంగ్లాండ్ ఊళ్లలో డ్రైవర్లలో చాలామంది పాకిస్తానీ మూలాలున్న ముస్లింలు. రాథర్‌హామ్ తర్వాత ఏ నేరమూ చేయని వేలాది మంది డ్రైవర్ల మీద కూడా అనుమానం పడింది, మసీదు నుంచి వస్తుంటే మాటలు పడ్డవాళ్లున్నారు. అది అన్యాయమే. కానీ ఆ అన్యాయం గురించి మాట్లాడుతూ, నోరు లేని ఆ పిల్లల సంగతి పక్కకు నెట్టడం ఇంకా పెద్ద అన్యాయం. కఠినమైన తనిఖీ వల్ల నిజాయితీగా నడిపే డ్రైవర్‌కు పోయేదేం లేదు, పైగా అతని బ్యాడ్జ్‌కు విలువ పెరుగుతుందనే నేను అనుకుంటాను.

ఇంకో రంధ్రం కూడా పూడ్చారు. ఒక కౌన్సిల్ కాదంటే ఆ సంగతి చెప్పకుండా ఇంకో కౌన్సిల్‌కు వెళ్లడం పాత అలవాటు. 2022 చట్టం ప్రకారం ఇంగ్లాండ్‌లో భద్రత కారణాలతో లైసెన్సు నిరాకరించినా, రద్దు చేసినా, సస్పెండ్ చేసినా జాతీయ డేటాబేస్‌లో పెట్టాలి. కొత్తగా లైసెన్సు ఇచ్చే ముందు ప్రతి కౌన్సిల్ అందులో వెతకాలి. ఆ వివరాలు 11 ఏళ్లు ఉంటాయి. అయితే ఒక ఊళ్లో బ్యాడ్జ్ తీసుకుని ఇంకో ఊళ్లో నడపడం ఇంకా ఆగలేదు. మాంచెస్టర్ వీధుల్లో వోల్వర్‌హాంప్టన్ ప్లేట్లు కనిపించడం మామూలే. 2025 జూన్‌లో కేసీ మళ్లీ ఇచ్చిన జాతీయ నివేదిక ఈ లొసుగు మూసేయమని చెప్పింది.

‘పిల్లలున్నారు సార్’ అంటే

ఇక్కడ మన వాళ్లకు మింగుడు పడని విషయం ఒకటి ఉంది. లైసెన్సు రాకపోతే ఇల్లు గడవదని, ముగ్గురు పిల్లలున్నారని, అప్పులున్నాయని చెబితే కౌన్సిల్ వినిపించుకోదు. వినిపించుకోకూడదు కూడా. 2002లో లీడ్స్ కౌన్సిల్ కేసులో, 2011లో చెర్వెల్ కౌన్సిల్ కేసులో హైకోర్టు ఇదే తేల్చింది. డ్రైవర్ కుటుంబ పరిస్థితి ఈ నిర్ణయంలో లెక్కకు రాదు, చూడాల్సింది ప్రజల భద్రత మాత్రమే. అందుకని విచారణకు వెళ్లేటప్పుడు ఇంటి కష్టాల కాగితాలు కాకుండా, ఇప్పటి నడవడిక చూపే కాగితాలు పట్టుకెళ్లాలి. పనిచేసిన చోట యజమాని ఉత్తరం, మత్తు అలవాటుంటే చికిత్స పూర్తి చేసిన పత్రం, కోర్టు తీర్పు నకలు.

అన్నిటికంటే ముందు, అప్లికేషన్‌లో అడిగింది దాచకండి. తెలిసి అబద్ధం రాస్తే, ముఖ్యమైన విషయం వదిలేస్తే అదే కొత్త నేరం. ఐదేళ్ల నాటి చిన్న కేసు వల్ల రావాల్సిన లైసెన్సు, దాచినందుకు రాకుండా పోతుంది. లైసెన్సు వచ్చాక కూడా లైంగిక నేరం, మోసం, హింస, ట్రాఫిక్ నేరం, వీటిలో అరెస్టయి విడుదలైనా, కేసు నమోదైనా, శిక్ష పడినా 48 గంటల్లో కౌన్సిల్‌కు చెప్పాలని ప్రమాణాల్లో ఉంది.

ఇండియాలో ఉన్న కేసు అక్కడ తెలుస్తుందా

తెలుస్తుంది అనుకునే నడుచుకోవాలి. బ్రిటన్ బయట మూడు నెలలకు మించి ఉన్న వాళ్లకు ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్ అడిగే విషయం కౌన్సిళ్లు చూడాలి. మన వాళ్లకు అది పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ. ఇంగ్లాండ్‌లో ఉంటే భారత హైకమిషన్ ద్వారా తీసుకోవాలి. ఇక్కడి స్టేషన్‌లో కేసు పెండింగ్‌లో ఉంటే పీసీసీ దగ్గరే చిక్కు మొదలవుతుంది.

గల్లీ గొడవలో పేరు ఎక్కిన కుర్రాళ్ల ఇళ్లలో రెండు విషయాలు తెలియాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి, రాజీకి వీలున్న సెక్షన్లలోనే కేసు ముగిస్తే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. దానికి భిన్నంగా, ‘ఎందుకొచ్చిన తిరుగుడు’ అని తప్పు ఒప్పేసుకుని వంద రూపాయలో వెయ్యి రూపాయలో జరిమానా కట్టి వచ్చేస్తే అది శిక్ష పడ్డట్టు. రెండూ ఒక్క పూటలో అయిపోతాయి, కానీ పదేళ్ల తర్వాత ఫారం నింపేటప్పుడు ఒకచోట ‘లేదు’ అని, ఒకచోట ‘ఉంది’ అని రాయాలి. ఏదైనా సరే, ఆ రోజు కోర్టు ఇచ్చిన ఆర్డరు ధ్రువీకరించిన నకలు తీసి ఇంట్లో పెట్టుకోండి.

మన దేశంలో పద్ధతి ఇంత విపులంగా లేదు. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ‘అలవాటైన నేరస్తుడు’, ‘అలవాటైన తాగుబోతు’ అయితే లైసెన్సు ఆపవచ్చంటుంది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఉబర్ డ్రైవర్ అత్యాచారం కేసులో అతని క్యారెక్టర్ సర్టిఫికెట్టే నకిలీదని బయటపడింది. ఆ తర్వాత క్యాబ్ కంపెనీలపై నిబంధనలు పెరిగాయి. 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల ప్రకారం గత 7 ఏళ్లలో తాగి నడిపినందుకు గానీ, మోసం, దొంగతనం, లైంగిక నేరం, హింస లాంటి కాగ్నిజబుల్ నేరాలకు గానీ శిక్ష పడిన డ్రైవర్‌ను తీసుకోకూడదని ఉండేది. తేడా గమనించండి. మన దగ్గర ఆ మార్గదర్శకాల్లో ఈ నేరాలన్నిటికీ ఒకే ఏడేళ్లు. అక్కడ కొన్నిటికి జీవితాంతం, కొన్నిటికి ఐదే.

వీసా సంగతి కూడా ఒక మాట. 2016 డిసెంబరు నుంచి పని చేసే హక్కు లేని వాళ్లకు ఈ లైసెన్సు ఇవ్వకూడదు, వీసా గడువుతోనే లైసెన్సు గడువూ ముగుస్తుంది. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. వేరే వాళ్ల బ్యాడ్జ్ మీద నడిపితే ఇన్సూరెన్స్ చెల్లదు, ఇన్సూరెన్స్ లేకుండా నడిపిన నేరం మీ పేరు మీద ఎక్కుతుంది.

కాదంటే ఏం చేయాలి

కౌన్సిల్ కారణాలు రాసి ఇవ్వాలి. ఆ నోటీసు అందిన 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా ఓడితే క్రౌన్ కోర్టుకు వెళ్లవచ్చు. ఇప్పటికే లైసెన్సు ఉండి రద్దయిన వాళ్లు అప్పీలు తేలే వరకు నడుపుకోవచ్చు. ప్రజల భద్రత దృష్ట్యా వెంటనే అమలు అని నోటీసులో రాస్తే మాత్రం ఆ క్షణం నుంచే ఆపేయాలి. కొత్తగా దరఖాస్తు చేసిన వాళ్లకు అప్పీలు నడిచినన్నాళ్లూ నడిపే హక్కు ఉండదు. ఓడిపోతే కౌన్సిల్ ఖర్చులు కూడా మీ మీద పడే అవకాశం ఉంది. ఎదురుచూడాల్సిన కాలం ఇంకో ఏడాదో, ఏడాదిన్నరో మిగిలి ఉన్నవాళ్లు అప్పీలుకు డబ్బు పెట్టే ముందు ఆ లెక్క వేసుకోవాలి. శిక్ష ముగిసిన తేదీ కాగితం మీద రాసుకుని, దానికి ఏళ్లు కలిపి, లైసెన్సింగ్ ఆఫీసుకు ముందే ఒక ఈమెయిల్ పెట్టి అడిగితే ఫీజు మిగులుతుంది.